పురుగు తిన్న వెండి ఆకు

"ఇది నా పని కాదు."

మామగారు ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి నెమ్మదిగా అన్నారు. రెండోసారి గట్టిగా అన్నారు. ఈసారి చిన్నకొడుకు మొహంలోకి సూటిగా చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా అన్నారు.

ముందుగది బల్ల మీద నగల పనివారల సంఘం ఉత్తరం విప్పి ఉంది. ఈ ఏటి ఉత్తమ పనివాడిగా ఆయన్ని ఎంపిక చేశామనీ, రేపు పొద్దున్న సభలో సన్మానమనీ అందులో రాశారు. ఉత్తరంతో పాటు సంఘం కార్యదర్శి ఒక నీలం పెట్టె కూడా ఇచ్చి వెళ్ళాడు. బహుమతి గెలిచిన వస్తువు అందులో ఉంది. రేపు దాన్ని ఆయనే తన చేత్తో సభ్యులకి చూపించాలట.

ఆ వస్తువు ఇప్పుడు మామగారి అరచేతిలో ఉంది. బొటనవేలంత వెండి ఆకు, గొలుసుకి తగిలించుకునే బిళ్ళ. ఈనెలు సన్నగా లేచి ఉన్నాయి. ఈనెల మధ్య నిండిన పచ్చరంగు అంచులకి వచ్చేసరికి పసుపులోకి తిరిగింది. తొడిమ పక్కన మూడు చిల్లులు, అచ్చం పురుగు కొరికినట్టు.

వంటింటి గుమ్మంలో పెద్దకోడలు తడిచేతులతో అలాగే నిలబడిపోయింది. పెట్టె మూత తియ్యగానే ఆమె ఆకుని గుర్తుపట్టింది. మూడు వారాలుగా దాని కోసమే ఇల్లంతా గాలించింది. పరుపులు ఎత్తింది, చెత్తబుట్ట బోర్లించింది, తన మతిమరుపుని తనే తిట్టుకుంది.

ఉత్తరం చదవగా విన్నప్పుడు ముందు ఆమెకి కోపం రాలేదు. నలభైరెండు మంది పనివాళ్ళు పంపిన వాటిలో మొదటిదట! గుండెల్లో ఏదో ఒక్కసారి పొంగింది. ఆ పొంగు కాస్త దిగాక, అప్పుడు వచ్చింది కోపం.

"నాన్నా, కార్యదర్శిగారంతటివారు ఇంటికొచ్చి మరీ ఇచ్చి వెళ్ళారు," అన్నాడు మరిది. షాపు నడిపేది అతనే. మాటకారి. ఈ పూట మాత్రం మాటలు తడబడుతున్నాయి. "సంతోషించాల్సింది పోయి..."

"నాది కానిదానికి నేనెందుకురా సంతోషించడం?"

"మీరు ఎప్పుడో చేసి మర్చిపోయి ఉంటారు."

కుర్చీలో కూర్చున్న అత్తగారు కొడుకు వైపు 'చచ్చావు పో' అన్నట్టు చూసింది.

"నా చేతులు వణుకుతున్నాయిరా," అన్నారు మామగారు. "బుర్ర కాదు. యాభై ఏళ్ళుగా ఆకులు చేస్తున్నాను. ఒక్కదానికి చిల్లుందేమో చూపించు. పైగా ఇది మీనా పని. వెండి మీద రంగు పొయ్యడం నా వల్ల కాదని నేనే పదిమందికి చెప్పుకున్నాను. ఎవరిదిరా ఇది? ఏ పనివాడి కష్టం నా పేరు మీద పంపావు?"

"అది మీనా కాదు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని పెద్దకోడలికి తర్వాత తెలిసింది. అందరూ అటు తిరిగారు. ఇక వెనక్కి తగ్గి లాభం లేదు.

"పాలిమర్ మట్టి మామయ్యగారూ. రంగుల్లో దొరుకుతుంది. ఈనెల మధ్య పచ్చా పసుపూ కూరి, ఓవెన్‌లో కాల్చి, తడిపిన గరుకు కాగితంతో అరగదీశాను."

"ఏ ఓవెన్?" అంది అత్తగారు.

"మన వంటింటిదే అత్తయ్యా."

"అదా సంగతి! నెల్లాళ్ళ కిందట నా కేకు ప్లాస్టిక్ బొమ్మల షాపులా వాసన కొడితే పిండి పాడైందని పారబోశాను కదే!"

ఇంకో రోజైతే ఇల్లంతా నవ్వేది. మామగారు నవ్వలేదు. ఆకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశారు.

"మరి వెండి?"

"అదీ మట్టే. వెండి పొడిని జిగురుతో, నీళ్ళతో కలిపి ముద్దలా అమ్ముతారు. కాలిస్తే జిగురు పోయి వెండి మిగులుతుంది."

మూడేళ్ళుగా, వెనక వరండాలో ఆమె బల్ల మీద చేసేవాటిని ఆయన 'పిండిబొమ్మలు' అనేవారు. ఈసారీ ఆ మాటే వస్తుందని ఆమె కాచుకుని ఉంది. రాలేదు. ఆయన చిన్నకొడుకు వైపు తిరిగారు.

"వదిన చేసిందని నీకు తెలుసా?"

మరిది తల వంచుకున్నాడు. "తెలుసు."

"తెలిసే పంపావా?"

"ఇంకేం చెయ్యమంటారు నాన్నా? రెండేళ్ళుగా మీ చేతి నుంచి కొత్త వస్తువు రాలేదు. షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ పెద్దాయన పని చూపించమంటారు. సంఘంలో మీ కుర్చీ ఇంకొకరికి ఇద్దామని గుసగుసలాడుకుంటున్నారు. నా చెవుల్తో విన్నాను. ఒక్క వస్తువు, ఒక్కటంటే ఒక్కటి పంపితే వాళ్ళ నోళ్ళు మూతపడతాయి కదా అనుకున్నాను. బహుమతి వస్తుందని కలగన్నానా?"

"నన్ను అడగొచ్చుగా," అంది పెద్దకోడలు.

"అడిగితే ఇచ్చేదానివా వదినా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు."

"ఎంత ధీమాగా చెబుతున్నావయ్యా! ఆ రోజు నాతో పాటు సోఫా కింద దూరి, టార్చి లైటు వేసి మరీ వెతికావు. 'దొరుకుతుందిలే వదినా, ఎక్కడికి పోతుంది' అని నన్ను ఓదార్చావు కూడా!"

మరిది చెవులు ఎర్రబడ్డాయి. పెద్దకొడుకు, అంటే ఆమె భర్త, ఇంతసేపూ గోడకి ఆనుకుని ఉన్నాడు. గొడవ జరిగితే రెండు వైపులా తల ఊపే మనిషి అతను. ఇప్పుడు ఎటు ఊపాలో తెలియక మెడ పట్టేసినట్టు నిలబడ్డాడు.

"మీరేమీ అనరా?" అని ఆమె అతన్నే అడిగింది.

"ఏమనమంటావు? వాడు చేసింది తప్పే. కానీ వాడి ఉద్దేశం..."

"ఉద్దేశం సంగతి నేను అడగలేదు."

మామగారు ఆకుని పెట్టెలో పెట్టి మూత వేశారు. చెయ్యి వణకడం వల్ల మూత రెండుసార్లు జారింది. ఎవరూ సాయానికి వెళ్ళలేదు. వెళితే ఊరుకోరని అందరికీ తెలుసు.

"లేని పేరు నాకు అంటగట్టావు," అన్నారు చిన్నకొడుకుతో. "ఉన్న పేరు ఆ అమ్మాయి దగ్గర లాగేశావు. ఈ రెండిట్లో ఏది పెద్ద తప్పో నేను తేల్చుకోలేకపోతున్నాను. తేలేదాకా నాతో మాట్లాడకు."

ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

అత్తగారు నిట్టూర్చి లేచింది. "ఈ ఇంట్లో దేనికైనా కరువుంటుందేమో కానీ పంతాలకి లేదు," అని వంటింట్లోకి నడిచింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గరిటెల చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. మామగారు పళ్ళెంలోంచి తలెత్తలేదు. మరిది సగం తిని లేచిపోయాడు.

వెనక వరండాలో ఓ మూల పెద్దకోడలి పనిబల్ల. దాని మీద ఒక గాజుపలక, ఒక చిన్న రోలరు, ఎండిన ముద్దల్ని అరగదీసే కాగితాలు, మంట తట్టుకునే ఇటుక ఒకటి. ఉక్కు పనిముట్లు మాత్రం నగల పనివాళ్ళ దగ్గర ఉండేలాంటివి కావు. పదేళ్ళ పాటు ఆవిడ పళ్ళ లాబ్‌లో కట్టుడు పళ్ళు చేసింది. ఎవరి నోటికి ఎలాంటి పన్ను కావాలో మైనంలో చెక్కి, పింగాణీలో కాల్చి ఇచ్చేది. యంత్రాలొచ్చి లాబ్ మూతపడ్డాక పనిముట్లు ఇంటికి తెచ్చుకుంది. చేతులు ఊరుకోలేదు.

ఆ బల్ల ముందు కూర్చుని ఏమీ చెయ్యకుండా చూస్తోంది. వెనక కర్ర చప్పుడైంది.

మామగారు. మూడేళ్ళలో ఆయన ఆ వరండా గడప దాటడం అదే మొదలు.

"చెయ్యి," అన్నారు. "చూస్తాను."

"ఏం చెయ్యమంటారు?"

"అదే. ఆ మట్టిలోంచి వెండి ఎలా తీస్తావో అది."

ఆమె కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు. ఆమె అరచేతులకి నూనె రాసుకుని, తెల్లటి ముద్ద ఒకటి ప్లాస్టిక్ కాగితంలోంచి తీసింది. రెండు పక్కలా మూడేసి పేకముక్కలు పెట్టి వాటి మీద రోలరు దొర్లించింది.

"పేకముక్కలెందుకు?"

"అంతటా ఒకే మందం రావడానికి."

కుండీలోంచి తెంపిన ఆకుని ఆమె ముద్ద మీద పెట్టి ఇంకోసారి దొర్లించింది. ఆకు ఎత్తితే ఈనెలన్నీ మట్టిలో దిగి ఉన్నాయి. సన్నటి కత్తితో అంచు కోసి పక్కన పెట్టింది.

"ఇది ఆరాలి. నిన్న ఆరబెట్టింది ఒకటుంది. దాన్ని కాలుస్తాను."

ఎండిన ఆకుని ఇటుక మీద పెట్టి, చేతి గ్యాస్ గొట్టం వెలిగించి మంట దగ్గరికి తెచ్చింది. ముందు సన్నగా పొగ లేచింది. జిగురు ఒక్క క్షణం భగ్గుమని ఆరిపోయింది. ఆకు సుద్దముక్కలా తెల్లబడింది.

మామగారు వెళ్ళి వరండా తెర లాగారు. వెలుతురు తగ్గితే తప్ప కాగే లోహం రంగు తెలియదని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆకు మెల్లగా ఎరుపెక్కింది. ఎరుపు నారింజ రంగులోకి తిరుగుతోంది.

"చాలు, చాలు. మంట వెనక్కి తియ్యి. ఇంకొంచెం అయితే కరిగిపోతుంది."

"తెలుసు మామయ్యగారూ."

"తెలిస్తే తియ్యవేం?"

"తీశాను. చూడండి."

నిజంగానే తీసింది. ఆయన మాటా, ఆమె చెయ్యీ ఒకేసారి కదిలాయి. ఇద్దరూ ఒక్క క్షణం మొహాలు చూసుకుని చూపులు తిప్పుకున్నారు.

చల్లారాక ఆమె ఇత్తడి బ్రష్‌తో రుద్దింది. తెల్లటి పొర కిందనుంచి వెండి మెరుపు బయటికొచ్చింది. మామగారు అందుకుని, పక్కన ఇంకా ఆరని మట్టి ఆకు మీద పెట్టి చూశారు.

"చిన్నదైంది."

"పదో వంతు తగ్గుతుంది."

"తగ్గుతుందని ముందే లెక్క కట్టుకుని చేశావా?"

"పింగాణీ పన్ను ఇంతకంటే ఎక్కువ తగ్గుతుంది. కొలత తప్పితే నోట్లో పట్టదు. పదేళ్ళు చేసి చేసి అలవాటైపోయింది."

ఆయన ఆకుని గాజుపలక మీద ఓ వేలెత్తు నుంచి వదిలి చెవి ఒగ్గారు. మళ్ళీ వదిలారు.

"వెండే," అన్నారు. "గొంతు కాస్త బొంగురు. కానీ వెండే."

ఆమె గుండె మళ్ళీ పొద్దుటిలా పొంగింది. ఈసారి దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఆ చిల్లులు ఎందుకు పెట్టావు?"

"కుండీలో ఆకు అలాగే ఉంది. బాగున్న ఆకులన్నీ ఒకేలా ఉన్నాయి. పురుగు తిన్నది ఒక్కటే వేరేగా ఉంది. దాన్నే చేశాను."

మామగారు జేబులోంచి నీలం పెట్టె, భూతద్దం తీసి, బహుమతి ఆకుని బయటికి తీశారు. భూతద్దం దాని కొక్కెం దగ్గర పెట్టారు.

"ఇది విరుగుతుంది."

పొంగంతా దిగిపోయింది. "ఎక్కడ?"

"కొక్కెం మొదట్లో. వెంట్రుకంత బీట ఉంది. మట్టిని మట్టికి అంటించి కాల్చావు. మెడలో కదిలి కదిలి ఆరు నెలల్లో ఊడిపోతుంది. కొక్కేన్ని విడిగా చేసి టంకంతో అతకాలి."

"నాకు టంకం వెయ్యడం రాదు."

"రాదని తెలుస్తూనే ఉంది."

నేర్పమని ఆమె అడగొచ్చు. ఇద్దరు కొడుకులకీ నేర్పని పని తనకి నేర్పుతారా అని అడగలేదు. నేర్చుకుంటావా అని ఆయన అడగొచ్చు. కోడలి ముందు చేతులు వణికించుకుంటూ కూర్చోవాల్సి వస్తుందని అడగలేదు. ఇద్దరూ గాజుపలక మీదున్న రెండు ఆకుల్నే చూస్తూ ఉండిపోయారు.

"రేపు సభకి నువ్వూ రా," అని మామగారు కర్ర అందుకున్నారు. "మంచి చీర కట్టుకో. నగలేవీ వద్దు. ఇదొక్కటే పెట్టుకో."

మర్నాడు పొద్దున్న సంఘం భవనంలో ఖాళీ కుర్చీ లేదు. వేదిక మీద అధ్యక్షుడు, ఇద్దరు న్యాయనిర్ణేతలు. సన్మానానికి పిలవగానే మామగారు లేచారు. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని వేదిక ఎక్కారు. కోడల్ని కూడా ఎక్కమని కళ్ళతోనే సైగ చేశారు.

మైకు ముందు ఆయన నాలుగే మాటలు చెప్పారు. "ఈ ఆకు నేను చెయ్యలేదు. నా కోడలు చేసింది. నాకు తెలియకుండా మావాడు నా పేరు మీద పంపాడు. క్షమించండి."

భవనమంతా కలకలం రేగింది. మూడో వరసలో మరిది మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"మాస్టారూ, మీ పెద్దమనసు మాకు తెలుసు," అన్నాడు అధ్యక్షుడు నవ్వుతూ. "కోడలి మీద అభిమానంతో అలా అంటున్నారు. ఇంత మీనా పని కొత్తవాళ్ళ వల్ల అవుతుందా?"

"మీనా కాదండీ," అంటూ జనంలోంచి ఎవరో లేచారు. చూస్తే పెద్దకొడుకు. ఆమె భర్త. "అది మా ఇంటి ఓవెన్‌లోనే కాలింది. ఆ వాసన రెండ్రోజులు పోలేదు. నేను సాక్ష్యం."

నవ్వులు లేచాయి. అతను రెండు వైపులా తల ఊపలేదు. భార్య వైపే చూస్తూ నిలబడ్డాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అతన్ని అంత పొడుగ్గా ఎప్పుడూ చూడలేదు.

న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ, రాళ్ళు పొదిగే పనిలో ఆరితేరిన మనిషి, పెద్దకోడల్ని దగ్గరికి పిలిచింది. మెడలో ఉన్న ఆకుని భూతద్దంతో చూసి నాలుగు ప్రశ్నలు వేసింది. ఎంత వేడి, ఎంతసేపు, రంగు ముందా వెండి ముందా. ఆమె తడుముకోకుండా చెప్పింది. "కొక్కెం మొదట్లో బీట కూడా ఉందండీ. అది నా లోపం," అని అడక్కుండానే చెప్పింది.

పెద్దావిడ భూతద్దం దించింది. "చేసింది ఈ అమ్మాయే. తన వస్తువులో తప్పు తనే చూపించేది చేసినవాళ్ళే."

అధ్యక్షుడు ఇరకాటంలో పడ్డాడు. పక్కనున్న కార్యదర్శి అతని చెవిలో ఏదో చెప్పాడు. అధ్యక్షుడి మొహం తేటపడింది.

"సరే, దారి ఉంది. సంఘం నియమం ప్రకారం సభ్యులకే బహుమతి. సభ్యత్వానికి గురువు పేరు కావాలి. ఏమ్మా, మీ మామగారి దగ్గర నేర్చుకున్నానని ఒక్క మాట చెప్పు. ఇప్పుడే నీ పేరు రాసుకుంటాం. గురువుకీ గౌరవం, నీకూ బహుమతి."

మాట తేలికైనదే. అందరికీ మేలు చేసేదే. మరిది ఆశగా తలెత్తాడు.

"నేను నేర్పలేదు," అన్నారు మామగారు.

"మాస్టారూ, మాటవరసకి..."

"మాటవరసకి కూడా నేర్పలేదు. మూడేళ్ళు ఆ వరండాలోకి తొంగిచూడలేదు. పిండిబొమ్మలని ఎగతాళి చేశాను. ఇప్పుడు గురువునంటే సిగ్గుచేటు."

అధ్యక్షుడు చేసేది లేక కోడలి వైపు తిరిగాడు. భవనమంతా అటే చూసింది. ఆమె మైకు దగ్గరికి నడిచింది.

"మామయ్యగారు చెప్పింది నిజం. నాకు ఆయన నేర్పలేదు. చెయ్యి తిరిగింది పళ్ళ లాబ్‌లో. మిగతాది నాకు నేనే కాల్చుకుని, పగలగొట్టుకుని నేర్చుకున్నాను. గురువు పేరు లేకపోతే బహుమతి ఇవ్వలేమంటే ఇవ్వకండి. ఈ ఆకు నాదని మాత్రం మీ పుస్తకంలో రాయండి."

వెనక వరసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పక్కవాళ్ళు అందుకున్నారు. అత్తగారు అందరికంటే గట్టిగా కొడుతోందని పెద్దకోడలు వేదిక మీద నుంచే చూసింది.

"మరి గురువు పేరున్న గడి?" అన్నాడు కార్యదర్శి, కలం పట్టుకుని.

"ఖాళీగా ఉంచండి. నాకు టంకం వెయ్యడం రాదు. అది మామయ్యగారు నేర్పాక నింపుకోండి."

మామగారు చటుక్కున తిరిగారు. "నేర్పుతానని నీతో ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేను అడుగుతున్నాను."

మామగారు కోడలి మొహం కేసి చూస్తూ ఉండిపోయారు. ఆమె తల దించలేదు.

ఆయన నెమ్మదిగా కోటు జేబుల్లోంచి చేతులు తీశారు. రెండేళ్ళుగా సంఘంలో ఎవరి కంటా పడనివ్వని చేతులవి. అందరి ముందూ చాపి పట్టుకున్నారు. వేళ్ళు గాలికి ఊగే కొమ్మల్లా వణుకుతున్నాయి. కార్యదర్శి కలం పుస్తకం మీద ఆగిపోయింది.

"చూశావుగా," అన్నారు మామగారు. "ఈ చేతులు నేర్పితే నేర్చుకుంటావా?"